శాస్త్రము, కళ, మానవబంధము: దక్షిణ తెలంగాణపు సాక్ష్యము

1951వ సంవత్సరము ఏప్రిల్ 18వ తేదీన నల్లగొండ జిల్లా పోచంపల్లికి కాలినడకన వచ్చిన వినోబా భావే, సాగుచేసికొనుటకు తమకు ఎనుబది యెకరములు కావలెనని అచ్చటి హరిజనులు అర్థింపగా, ఆ భూమి నిచ్చువారెవరైన నున్నారా యని ఊరివారి నడుగుటయు, వెదిరె రామచంద్రారెడ్డి లేచి నూఱెకరములు ఇత్తునని ప్రకటించుటయు, భూదానోద్యమము అచ్చట పుట్టుటయు దేశమంతట తెలిసిన కథయే. అటుపిమ్మట ఏండ్ల తరబడి దేశము నలుమూలల నడచిన ఆ మహానుభావుడు, మతములకును రాజకీయములకును కాలము చెల్లినదనియు, ఇకమీదట మానవజాతిని నిలుపవలసినవి విజ్ఞానము, ఆత్మజ్ఞానము అను రెండే యనియు బోధించుచు వచ్చెను. గంభీరమైన మాట యది. అయినను ఆ జంటలో కళకు పేరు లేకపోవుట ఆలోచింపదగిన విషయము. ఏలయన ఆయన యాత్రకు దిశ చూపిన ఆ యూరు మగ్గముల యూరు. భూమి లేనివారి గోడు వినోబాకు వినవచ్చిన ఆ వీథులలోనే, భూమి లేకపోయినను చేతిలో విద్య గలవారు పడుగు సవరించుకొనుచు కూర్చుండిరి. విజ్ఞానమునకును ఆత్మకును నడుమ వంతెన వలసినచో అది ఎచ్చట కట్టబడుచున్నదో చూచుటకు ఆ వసారాలకంటె తగిన చోటు లేదు.

ఈ ప్రశ్న ఒక్క పోచంపల్లిది కాదు. 1959లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములో ప్రసంగించుచు సి. పి. స్నో, శాస్త్రజ్ఞులకును సాహిత్యవేత్తలకును నడుమ మాటలు కూడ సాగనంత ఎడమేర్పడినదని వాపోయెను. స్వయముగా శాస్త్రమభ్యసించి నవలలు వ్రాసినవాడు గనుక ఆయన రెండు గట్లమీదను నిలిచి చూడగలిగెను. నాటినుండి ఆ ప్రసంగముపై వెలువడిన వ్యాఖ్యానములు లెక్కకు మిక్కిలి. వానిలో పెక్కింటి ధోరణి యొక్కటే: ప్రయోగశాలలో పనిచేయువాడు సాయంకాలము సంగీతము వినవలెను, కవి యైనవాడు నక్షత్రములను గూర్చి నాలుగు సంగతులు తెలిసికొనవలెను, ఇరువురును మిత్రులతో కాలము గడుపవలెను, అప్పుడు జీవితము నిండుగా నుండును. ఈ యుపదేశములో తప్పు లేదు గాని, ఇది తీరిక గలవారి జీవితమును మాత్రమే ఉద్దేశించినది. తెల్లవాఱినది మొదలు దీపము పెట్టువేళ వఱకు ఒక్క పనిలోనే మునిగియుండు మనుష్యునకు శాస్త్రము, కళ, మానవబంధము అను మూడును ఆ పనిలోనే దొరకవలెను. అందు దొరకనిచో మఱెచ్చటను దొరకవు. కావున ఈ ప్రశ్నను విచారించువారు తీరిక గదినుండి బయటికి వచ్చి పనిచేయు చోటికి పోవలెనని నా నిశ్చయము.

ఇట్టి విచారణకు మార్గము చూపిన పెద్ద పాలమూరు, అనగా మహబూబునగరు, గడ్డమీదనే పుట్టెను. సురవరం ప్రతాపరెడ్డి 1949లో ప్రకటించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాజుల జయాపజయములను ప్రక్కకు నెట్టి, జనులు ఏమి కట్టిరి, ఏమి తినిరి, ఏయే యాటలాడిరి, ఏయే వృత్తులతో బ్రదికిరి అని యడిగినది. తెలుగున కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానమును 1955లో మొట్టమొదట అందుకొన్న గ్రంథమది. మనుష్యుల యాశయములు వారి మాటలకంటె వారి పనిముట్లలో, గుడ్డలలో, పాత్రలలో స్పష్టముగా కనుపించునను ఆయన నమ్మకమే ఈ సమీక్షకును ఆధారము. ఇచ్చట నల్లగొండ, మహబూబునగరు అన్నప్పుడు ఇటీవలి జిల్లాల విభజనకు పూర్వపు హద్దులనే తలచుకొనవలెను. పోచంపల్లి, ఆలేరు, పుట్టపాకలు నేడు యాదాద్రి భువనగిరి జిల్లాలోనివి, గద్వాల, నారాయణపేటలు వేఱు జిల్లాలైనవి.

ముందుగా పుట్టపాక తేలియా రుమాలును చూతము. తూర్పుతీరమున చీరాలలో వర్ధిల్లి, అరబ్బు దేశములకు తలగుడ్డగా పెద్దయెత్తున ఎగుమతియైన ఈ చదరపు వస్త్రము, పుట్టినచోట క్షీణించి సంస్థాన నారాయణపురము దగ్గఱి పుట్టపాకలో నిలిచినది. ఎఱుపు, నలుపు, తెలుపు అను మూడు వన్నెలే దాని సంపద. నూలును నూనెలోను, ఆముదపు కాయల పొట్టు కాల్చిన బూడిదనీటిలోను పలుమార్లు నానబెట్టి, పిసికి, ఆరబెట్టి, మరల నానబెట్టుట దినముల కొలది సాగును. బూడిదలోని క్షారము నూనెతో కలిసి పాలవంటి ద్రవమగును. అది నూలుపోగులోనికి ఇంకి, పిమ్మట పటికను, ఎఱ్ఱరంగును గట్టిగా పట్టుకొనునట్లు చేయును. అందుచేతనే ఆ గుడ్డకు నూనెవాసన వదలదు, రంగు వెలియదు. యూరపుఖండమున టర్కీ ఎఱుపు అను పేర ఇట్టి యద్దకపు రహస్యముకొఱకు వర్తకులును రసాయనజ్ఞులును చిరకాలము వెదకిరి. చిరివేరు, మంజిష్ఠ మున్నగు వేళ్లనుండి వచ్చు ఆ ఎఱుపును జర్మను రసాయనజ్ఞులు గ్రేబె, లీబర్మన్ అనువారు 1868లో కృత్రిమముగా తయారుచేసినప్పుడు, ఆ యలిజరిన్ మన యద్దకపువారి కుండలలోనికి కూడ వచ్చి చేరెను. నూనె, బూడిద తాతలనాటివే. రంగు మాత్రము ప్రయోగశాలది. రెండును ఒక్క పోగులో కలిసినప్పుడు నేతగాని మనస్సున ప్రాచీనము, నవీనము అను తగవు పుట్టలేదు. రంగు నిలుచునా లేదా అన్నదే అతని ప్రశ్న. శాస్త్రమునకు ఇంతకంటె నిజమైన ప్రశ్న ఏది గలదు?

రంగుకంటె కఠినమైనది లెక్క. ఈ ప్రాంతపు వారు చిటికి యని పిలుచు ఈ విద్యలో గుడ్డ నేసిన పిమ్మట రంగువేయుట యుండదు. నేయకముందే నూలుమీద బొమ్మ నిర్ణయము కావలెను. చట్రముపై బిగించిన పోగులను కట్టలుగా విభజించి, గళ్ల కాగితముమీది నమూనాను బట్టి గుర్తులు పెట్టి, రంగు తగులరాని చోట్ల రబ్బరు పట్టీలను బిగించి చుట్టి కుండలో ముంచుదురు; ఆరిన పిమ్మట కొన్ని కట్లు విప్పి, క్రొత్తవి కట్టి, మఱియొక రంగులో ముంచుదురు. పడుగులోను పేకలోను కూడ ఇట్లు కట్టి నేసినప్పుడు, పడుగులోని ఎఱ్ఱని తునకపై పేకలోని ఎఱ్ఱని తునక సరిగా వచ్చి కూర్చున్నప్పుడే పువ్వు ఎఱ్ఱగా పూయును. ఒక్క పోగు జరిగినచో అంచు చెదరును. నాడె విసరిన ప్రతిమాఱును నేతగాడు పేకపోగును వ్రేలితో ఇటునటు లాగి సరిచూచుకొనును. ఆ వ్రేలికొన కదలికలో గణితమున్నది, సౌందర్యదృష్టి యున్నది. ఏది యెక్కడ ముగిసి ఏది మొదలయినదో చెప్పుట ఎవరి తరమును కాదు. గజం గోవర్ధన 2011లోను, గజం అంజయ్య 2013లోను పద్మశ్రీ పురస్కారమును పొందుటయు, 2020లో పుట్టపాక తేలియా రుమాలునకు భౌగోళిక సూచిక లభించుటయు ఈ విద్యకు దక్కిన న్యాయమైన గౌరవములు.

ఇంతవఱకు శాస్త్రము, కళ కనుపించినవి. ఇక మూడవదానికి, అనగా మనుష్యునకు మనుష్యునిపై గల మమతకు, సాక్ష్యము కావలసినచో ఆసు దగ్గఱకు రావలెను. పేకనూలుకు చిటికి కట్టవలెనన్నచో ముందుగా దానిని వరుస తప్పక ఒక చట్రముపై పఱచుకొనవలెను. ఒకవైపు ఒంటి మేకు, ఎదుట అర్ధచంద్రాకారముగా నాటిన మేకుల వరుస. ఆ ఒంటి మేకునుండి దారమును తీసికొనిపోయి ఎదుటి మేకునకు తగిలించి మరల వెనుకకు తెచ్చి, ప్రక్క మేకునకు తగిలించి, ఇట్లు చేయి చాచుచు ముడుచుచు పోవలెను. దీనిని ఆసు పోయుట యందురు. చీర యొకటికి దాదాపు 9,000 మార్లు చేయి ఆడవలెను. దినమునకు రెండు చీరలైనచో 18,000 మార్లు. తరతరములుగా ఈ పని ఇంటి యాడువారిది. వంటచేసి, పిల్లలకు పెట్టి, నీళ్లు తెచ్చి, ఆపై నాలుగైదు గంటలు ఆసు ముందు కూర్చున్న స్త్రీకి సాయంకాలమునకు భుజము పైకి లేవదు. నేసినవాడు నేతగాడని పేరు పొందెను. నమూనా గీసినవానికి బహుమానములు వచ్చెను. ఆసు పోసిన చేతికి పేరు లేదు, వేఱుగా కూలి లేదు. కళను గూర్చి ఆర్ద్రముగా వ్రాసిన మనము ఆ భుజమును చాలకాలము చూడలేదని ఒప్పుకొనుట న్యాయము.

చూచినవాడు ఆలేరు మండలములోని శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశము. ఆఱవ తరగతితో చదువు మానుకొని మగ్గమెక్కిన ఈ యువకుడు, తల్లి లక్ష్మి ఆసు పోసి పోసి భుజము నొప్పితో బాధపడుట చిన్ననాటినుండి కన్నులార చూచినవాడు. ఈ పనిని చేయు యంత్రమును తానే చేయవలెనను సంకల్పముతో 1992లో పూనుకొనెను. యంత్రశాస్త్రము చదివినవాడు కాడు. ఎలక్ట్రానిక్సు పరిచయము లేదు. చేతిలో సొమ్ము లేదు. చేయి చేయు పనిలో ఎన్ని కదలికలున్నవో ఒక్కొక్కటిగా విడదీసి, దారమును ముందునకు తెచ్చుట, మేకు చుట్టు త్రిప్పుట, ప్రక్క మేకునకు జరుగుట, అను వానిని కొయ్యతోను ఇనుముతోను ఒక్కొక్కటే సాధించుచు పోయెను. ఒక కదలిక కుదిరినచో మఱియొకటి చెడుచుండెను. అప్పులు పెరిగెను, ఊరివారు నవ్విరి. జీవనముకొఱకు హైదరాబాదు చేరి పనిచేయుచున్న దినములలో ఒక యంత్రము కదలు తీరును చూచి, తనకు చిక్కని చివరి కదలికకు ఉపాయము స్ఫురింపగా, 1999లో యంత్రము పూర్తియైనది. నాలుగైదు గంటల పని గంటన్నరలో ముగియసాగెను. దానికి ఆయన పెట్టిన పేరు లక్ష్మీ ఆసు యంత్రము. పల్లెలలోని నూతన కల్పనలను వెదకి వెలుగులోనికి తెచ్చు పల్లెసృజన యను సంస్థ ఆయనకు తోడుగా నిలిచినది. 2017లో భారత ప్రభుత్వము పద్మశ్రీతో సత్కరించినది. 2019లో ఆయన కథ చలనచిత్రమైనది.

ఈ వృత్తాంతమున నన్ను మిక్కిలి ఆకర్షించునది కీర్తి కాదు, పట్టుదల కూడ కాదు; పట్టుదలతో చెడినవారును లోకమున కలరు. ఆ యేడేండ్లును ఆయన తన జీవితమునకు అర్థము వెదకికొనలేదు. తల్లి నొప్పికి ఉపాయము వెదకెను. అర్థమనునది ఆ వెదకులాటలోనే, అడుగకుండనే సమకూడెను. శాస్త్రము, కళ, మమత అను మూడింటిని తూకము వేసి కలుపుకొనవలెనని ఉపదేశించువారికి ఈ కథ ఒక సవరణ చూపుచున్నది: మూడింటిలో మమత ముందుండి తక్కిన రెంటిని తనకు కావలసిన దారిలో నడిపించుకొనినది. ఏ కదలికను యంత్రమునకు అప్పగింపవలెనో, దేనిని మనుష్యుని చేతికే విడువవలెనో నిర్ణయించినది కూడ అదియే. యంత్రము ఆసు పోయును. చిటికి కట్టదు, రంగు నిర్ణయింపదు, నేయదు. బుద్ధికి పనిలేని చాకిరిని అది తీసికొని, బుద్ధి కావలసిన దానిని మనుష్యునకే మిగిల్చినది.

మహాత్మాగాంధి 1924లో రామచంద్రన్ అను శాంతినికేతన విద్యార్థితో సంభాషించుచు, తాను యంత్రములన్నింటికి విరోధిని కాననియు, సింగరు కుట్టుమిషనువంటి వానిని మినహాయింతుననియు చెప్పెను. తన భార్య సూదితో విసుగుపుట్టు కుట్టుపని చేయుచు కష్టపడుట చూడలేక, ఆమెపై ప్రేమచేత సింగరు ఆ యంత్రమును కల్పించెనని గాంధి వినియుండెను. సింగరు చరిత్రలో ఆ కథ ఎంతవఱకు నిలుచునో గాని, గాంధి పెట్టిన గీటురాయి మాత్రము నిలుచును: యంత్రము వెనుక నున్నది లోభమా, ప్రేమయా? 1929లో అఖిల భారత చరఖా సంఘము, పల్లెటింటిలో నడుపదగిన మేలైన రాట్నమునకు లక్షరూపాయల బహుమానము ప్రకటించుట వెనుకను ఈ దృష్టియే కలదు. గాంధి ఏ యంత్రమును మనస్సున నుంచుకొని ఆ మాట చెప్పెనో, సరిగా అట్టి యంత్రము ఆయన మరణానంతరము అర్ధశతాబ్దికి ఆలేరు ప్రక్క పల్లెలో ఒక నేతగాని చేత పుట్టినది.

ఇచ్చట ఒక యాక్షేపము వినవచ్చును, దానిని త్రోసిపుచ్చరాదు. చేనేతలో యంత్రమును ఒకచోట రానిచ్చినచో అంతటను రాకమానదనియు, చేతిపని అను మాటకే అర్థము పోవుననియు శంకించువారు కలరు. మరమగ్గము చేసిన నాశనమును కన్నులార చూచినవారి శంక యది. నల్లగొండ, మహబూబునగరు ప్రాంతములనుండి బ్రదుకుతెరువుకై షోలాపురము, భివండీ, సూరతు పట్టణములకు తరలిపోయిన పద్మశాలి కుటుంబములు వేలకొలది. అచ్చట వారు మరమగ్గముల నడుమ నిలిచి తెగిన పోగులను ముడివేయుచు గడిపిరి. వారి చేతులలో విద్య తగ్గలేదు. మరమగ్గములో శాస్త్రము తక్కువ కాదు. అయినను నమూనా ఎవరిదో, గుడ్డ ఎవరు కట్టుదురో, ప్రక్క మగ్గము నడుపువాడు ఏ యూరివాడో తెలియని ఆ పనిలో, ఇంట నేసిన నాటి తృప్తి కలుగలేదని తిరిగివచ్చిన వృద్ధులు చెప్పుట ఆ పల్లెలలో ఎవరైనను వినవచ్చును. మరమగ్గమునకును ఆసుయంత్రమునకును గల భేదము ఇనుములో లేదు. మొదటిది ఇంటినుండి మనుష్యుని ఈడ్చుకొనిపోయెను. రెండవది ఇంటిలోనే నిలిచి ఒక స్త్రీ భుజమునకు విశ్రాంతి నిచ్చెను.

ఇంగ్లండున విలియం మారిస్ ఇదే కష్టమును మఱియొక వైపునుండి అనుభవించెను. కవియు, చిత్రకారుడును అయిన ఆయన, కృత్రిమ రంగుల వెలవెలపాటు సహింపలేక లీక్ పట్టణపు అద్దకశాలలో నీలికుండలలో చేతులు ముంచి పాతరంగులను మరల నేర్చుకొనెను. 1881లో మెర్టన్ అబ్బీలో తన కార్ఖానా స్థాపించెను. శాస్త్రజ్ఞానము, కళ అచ్చట అద్భుతముగా కలిసినవి. కాని ఆ గుడ్డలు కొనగలిగినవారు ధనికులు మాత్రమే. తన శ్రమ యంతయు సంపన్నుల విలాసమునకు ఊడిగమగుచున్నదను సంతాపము ఆయనను సామ్యవాదిగా మార్చినది. కళను ప్రేమించినవాడు దాని వెలను గూర్చి విచారింపక తప్పదని మారిస్ జీవితము చెప్పుచున్నది. గద్వాల చీరను తలచుకొనుడు: నూలు ఒడలికి పట్టు అంచులు పోగు పోగునకు మెలివేసి కలుపు ఆ నైపుణ్యము సంస్థానపు ఆదరణలో పెరిగినది, నేడు దానిని నేయువారి యింటి యాడువారిలో ఎందఱు పండుగకు దానిని కట్టగలరు?

మూడింటిలో మానవబంధమును విడిచినచో ఏమగునో చూపుటకు కృష్ణానది తీరమున ఒక మహోదాహరణ మున్నది. దానిని తలచినప్పుడెల్ల మనస్సు కలత చెందును. శ్రీశైలము జలాశయమున మునుగనున్న కూడలి సంగమేశ్వరాలయమును పురావస్తుశాఖ వారు రాయి రాయికి గుర్తువేసి విప్పి, ఆలంపురమునకు తరలించి, చాళుక్యుల కాలపు ఆ నిర్మాణమును ఉన్నదున్నట్లు మరల నిలిపిరి. ఇంజనీర్ల శాస్త్రము, స్థపతుల నేర్పు అందు కలిసిన తీరును చూచి ఎవరైనను నమస్కరింపవలసినదే. అదే జలాశయము కింద కర్నూలు, మహబూబునగరు జిల్లాలలో నూటికి పైగా గ్రామములు మునిగి, లక్షమందికి పైగా జనులు ఇండ్లు విడిచిరి. 1981లో నీరు పైకి వచ్చుచుండగా వారిని ఖాళీ చేయించిన తీరులో ఆ రాళ్లకు చూపిన ఓర్పులో పదియవ వంతైనను లేదు. ఏ రాయి ప్రక్క ఏ రాయి యుండెనో వ్రాసిపెట్టిన శ్రద్ధ, ఏ యింటి ప్రక్క ఏ యిల్లుండెనో వ్రాసిపెట్టుటకు చాలలేదు. పాలమూరు కూలీలు దేశమందలి ఆనకట్టలకు రాళ్లు మోసి పేరు పొందినవారు. నీళ్లను నిలుపు విద్యకు చేతులిచ్చిన వారి పొలములు తరములుగా వానకై మొగమెత్తి చూచినవి.

నీటి ప్రస్తావన వచ్చినది గనుక నల్లగొండ ఫ్లోరైడు సంగతి చెప్పకుండుట తగదు. ఇచ్చటి గ్రానైటు శిలలనుండి భూగర్భజలములలోనికి ఊరు ఫ్లోరైడు, లీటరునకు 1.5 మిల్లీగ్రాముల హద్దును ఎన్నో రెట్లు దాటి, పండ్లను గారపట్టించి, వెన్నెముకలను వంచి, పిల్లలను నడవలేనివారిగా చేసినది. 1970 దశకమున నాగపురములోని నీరీ సంస్థ శాస్త్రజ్ఞులు పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి నీటిని కదిపి తేర్చి ఫ్లోరైడును తగ్గించు పద్ధతిని రూపొందించి దానికి నల్లగొండ పేరే పెట్టిరి. కెన్యా, టాంజానియా, ఇథియోపియా దేశములవఱకు ఆ పేరు పోయినది. సులభము, చౌక. అయినను ఆ యూళ్లలో అది వేరూనలేదు. ఏ బావినీటికి ఎంత పటిక వేయవలెనో పరీక్షించి, దినదినము కొలత తప్పక వేసి, అడుగున చేరిన మడ్డిని తొలగించు మనుష్యుడొకడు ప్రతియూర నిలువవలెను. ఆ మనుష్యుని ఏర్పాటును శాస్త్రగ్రంథము చెప్పదు, కార్యాలయము చూడదు. కడకు ఏండ్లకొలది జరిగిన జనుల పోరాటముల ఫలితముగా నదీజలము గొట్టములలో వచ్చిన పిమ్మటనే ఉపశమనము కలిగెను. 2015లో చౌటుప్పలులో శంకుస్థాపన జరిగిన మిషన్ భగీరథ అందు ముఖ్యమైనది. ఫ్లోరైడు పీడితులు వంగిన దేహములతో సభలకు వచ్చి తమను చూపించుకొననిచో ఆ గొట్టములు ఇంకెన్నేండ్లకు వచ్చియుండెనో.

పూర్వులు ఈ మూడింటిని ఎట్లు కలిపిరో తెలిసికొనుటకు నల్లగొండ ప్రక్కనే పానగల్లున కుందూరు చోడుల నాటి ఛాయాసోమేశ్వరాలయ మున్నది. గర్భాలయములో లింగము వెనుక గోడపై ఒక స్తంభపు నీడ పగలంతయు కదలక నిలుచును; సూర్యుడు కదలుచుండ నీడ ఏల కదలదని శతాబ్దములుగా జనులు ఆశ్చర్యపడిరి. నేరుగా పడు ఎండవలన కాక, మండపపు ప్రక్కలనుండి చెదరి లోనికి వచ్చు వెలుతురును స్తంభములు అడ్డగించుటవలన ఆ నీడ ఏర్పడుచున్నదని భౌతికశాస్త్రము తెలిసినవారు నమూనాలు చేసి చూపిరి. ఈ వివరణచేత ఆలయ మహిమ తగ్గునని భయపడువారితో నేనేకీభవింపను. కారణము తెలిసి చూచిన కన్ను ఆ స్తంభముల యెడమును, మండపపు తెఱపిని, శిల్పి యూహను ఒక్కసారిగా చూచును. ఆ రాజులే ఆ ప్రక్క ఉదయసముద్రమను చెఱువును త్రవ్వించిరి. నీడను నిలిపినవారు నీటిని కూడ నిలిపిరి.

మహబూబునగరు పిల్లలమఱ్ఱి కథ ఇటీవలిది. ఏడువందల యేండ్లదని చెప్పు ఆ మహావృక్షమునకు చెదలు పట్టి, 2017 డిసెంబరులో పెద్దకొమ్మ విఱిగిపడగా, సందర్శకులను ఆపివేసి అటవీశాఖవారు చికిత్సకు పూనుకొనిరి. మొదట వేసిన మందు కాండముననుండి కారిపోవుచుండుట చూచి, రోగికి సెలైను ఎక్కించినట్లు మందునీటి సీసాలను కొమ్మ కొమ్మకు వందలకొలది వ్రేలాడదీసి చుక్క చుక్కగా ఎక్కించిరి. ఊడలను గొట్టములలోనుండి నేలకు దింపిరి. వాలిన కొమ్మలకు స్తంభములు నిలిపిరి. తాతల నాటి చెట్టని ఊరివారికి గల ఆపేక్ష లేకున్నచో ఒక మఱ్ఱికొఱకు ఇంత విద్య ఖర్చు చేయుటకు ఎవరును సాహసింపరు.

మరల మగ్గముల యూళ్లకు వత్తము. 2005లో పోచంపల్లి ఇక్కత్తునకు, అనగా ఈ చిటికి నేతకే, భౌగోళిక సూచిక వచ్చినది. 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ ఆ యూరిని ఉత్తమ పర్యాటక గ్రామములలో చేర్చినది. ఈ గౌరవముల ప్రక్కనే, ఆ చిటికి నమూనాను గుడ్డపై అచ్చువేసి పదవవంతు వెలకు అమ్ము వ్యాపారము నడుచుచున్నది. 1985 నాటి చేనేత రిజర్వేషను చట్టము కాగితముపై నున్నను ఆ యచ్చును ఆపలేకున్నది. కొనువారిలో చాలమందికి రెంటి భేదము తెలియదు. పోగులోనికి ఇంకిన రంగునకు గుడ్డ ముందువైపు వెనుకవైపు ఒక్కటిగా నుండును, పువ్వు అంచు సన్నగా చెదరియుండును, అచ్చుగుడ్డకు వెనుక వెలిసియుండును అను ఈ చిన్న సంగతిని పాఠశాలలో నేర్పినచో నేతగానికి అదియొక రక్షణ యగును. కట్టుకొనువారు తెలిసికట్టినప్పుడే నేసినవానితో వారికి బంధమేర్పడును.

అంతకంటె ముఖ్యమైన ప్రశ్న యొకటి మిగిలియున్నది. ఆసుయంత్రము చీర చీరకు మిగిల్చిన మూడు గంటలు ఎవరి పాలయినవి? కూలి నిర్ణయించువాడు షావుకారే యైనచోట ఆ గంటలలో మఱియొక చీరకు ఆసు పోయింపబడును, ఇంటికి రాబడి కొంత పెరుగును, విశ్రాంతి మాత్రము పెరుగదు. సహకార సంఘమో, కుటుంబమో తన సరుకునకు తానే వెల కట్టగలిగినచోట ఆ గంటలు క్రొత్త నమూనాకో, కూతురి చదువునకో, ప్రక్కింటివారితో మాటకో చెందును. యంత్రము చేయగలిగినది చేసినది. ఈ మిగిలినది బజారులోను, సంఘపు లెక్కలలోను తేలవలసినది. భుజము నొప్పి తీఱినను, గుంటమగ్గములో కూర్చున్నవాని నడుము నొప్పి, చిటికి కట్టువారి కంటిచూపు, రంగుకుండల దగ్గఱి ఆవిరి అట్లే యున్నవి. ఆ బాధలను చూచుచు పెరిగిన పిల్లలు నేడు ఇంజనీరింగు, రసాయనశాస్త్రము చదువుచున్నారు. నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయము, మహబూబునగరులో పాలమూరు విశ్వవిద్యాలయము ఉన్నవి. చివరి సంవత్సరపు విద్యార్థి ప్రతియొకడు తన పరిశోధనాంశమును ఒక నేతయింటిలోనో, ఒక సేద్యగాని వాకిటనో కూర్చుండి ఎన్నుకొనవలెనను నియమమును ఆ రెండు విశ్వవిద్యాలయములును పెట్టవలెను. పరీక్షకుల వరుసలో ఆ యింటి యిల్లాలికి కూడ ఒక కుర్చీ వేయవలెను.